నల్ల తెర, తెల్ల అక్షరాలు: ఓఎల్ఈడీయా, మినీ ఎల్ఈడీయా?

సినిమాలకు, సిరీస్‌లకు సబ్‌టైటిల్స్ రాయడం నా పని. అందుకే ఏ టీవీ ముందు కూర్చున్నా నా కళ్లు ముందు తెర కింది అంచుకే పోతాయి. చీకటి సీను, కింద రెండు లైన్ల తెల్ల అక్షరాలు. టీవీ సంగతి ఆ రెండు లైన్ల దగ్గర సగం తెలిసిపోతుంది. మిగతా సగం తెలియాలంటే దానికి పూర్తిగా విరుద్ధమైన బొమ్మ కావాలి, అంటే మంచు మైదానం లాంటి తెల్లటి సీను. అదీ పట్టపగలు, కర్టెన్లు తీసి చూడాలి. పెద్ద టీవీ కొనాలనుకునేవాళ్లు ఎవరు అడిగినా నేను చెప్పేది ఈ రెండు పరీక్షల గురించే. పెట్టె మీది నిట్లు (వెలుగుకి కొలత), జోన్లు, రంగుల శాతాలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. హాల్లో 75 అంగుళాల మినీ ఎల్ఈడీ, నేను పనిచేసుకునే గదిలో 65 అంగుళాల ఓఎల్ఈడీ. రెండూ ఆయా రకాల్లో మంచి పేరున్నవే. మోడల్ నంబర్లు రాయను, అవి ఏటా మారిపోతాయి. లోపల వెలుతురు పుట్టే పద్ధతి అంత తొందరగా మారదు, మనం తేల్చుకోవాల్సింది దాని గురించే.

ముందు ఒక చిక్కు తీసేద్దాం. షాపులో ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ, మినీ ఎల్ఈడీ అని వేర్వేరు బోర్డులు కనిపిస్తాయి గానీ ఈ మూడూ ఎల్‌సీడీలే. వెనక ఎల్ఈడీ దీపాలుంటాయి, ముందు ద్రవ స్ఫటికాల పొర ఉంటుంది. ఆ పొర ఒక్కో పిక్సెల్ దగ్గర వెలుతురుని వదలడమో ఆపడమో చేస్తుంది. క్యూఎల్ఈడీలో అదనంగా క్వాంటమ్ డాట్లుంటాయి. ఇవి నానోమీటర్ల సైజులో ఉండే కణాలు. వీటి మీద నీలం వెలుతురు పడితే స్వచ్ఛమైన ఎరుపు, ఆకుపచ్చ వస్తాయి. వీటిని కనిపెట్టి, తయారు చేసే దారి చూపినందుకే 2023లో బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. రంగుల విషయంలో ఆ డాట్లు చేసే మేలు నిజమే. నలుపు విషయంలో మాత్రం అవి చేయగలిగేది ఏమీ లేదు.

నలుపు దగ్గరే ఎల్‌సీడీకి అసలు కష్టం. కిటికీ తలుపులు ఎంత బిగించి మూసినా సందుల్లోంచి ఎండ లోపలికి వచ్చినట్టు, ద్రవ స్ఫటికాలు ఎంత మూసుకున్నా వెనక దీపం కొంచెం కారుతుంది. ఈ కారడం వీఏ అనే రకం ప్యానెల్‌లో తక్కువ, ఐపీఎస్ రకంలో ఎక్కువ. అంకెల్లో చెప్పాలంటే ఐపీఎస్ కాంట్రాస్ట్, అంటే నలుపు కన్నా తెలుపు ఎన్ని రెట్లు వెలుగన్నది, 1000:1 దగ్గర్లో ఉంటుంది, మంచి వీఏది దానికి మూడు నాలుగు రెట్లు. దీపాలన్నీ ఒకేసారి వెలిగే మామూలు ఎల్ఈడీ టీవీని రాత్రి లైట్లు ఆర్పేసి చూడండి, నలుపు బదులు ముదురు బూడిద కనిపిస్తుంది.

దీనికి విరుగుడుగా వచ్చింది లోకల్ డిమ్మింగ్. వెనక దీపాలను జోన్లుగా విడగొట్టి, బొమ్మలో చీకటి ఉన్న చోట ఆ జోన్‌ని తగ్గించేస్తారు. దీపాలను బాగా చిన్నవి చేసి, వేల సంఖ్యలో పేర్చి, జోన్లు పెంచితే అది మినీ ఎల్ఈడీ. టీసీఎల్ 2019లో మొదటగా ఇలాంటి టీవీలు అమ్మింది, ఇప్పుడు దాదాపు అందరూ చేస్తున్నారు.

వెయ్యి జోన్లు అని బోర్డు మీద చూస్తే చాలా ఎక్కువే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 4కె తెర మీద ఉండే పిక్సెళ్లు సుమారు 83 లక్షలు. వాటిని వెయ్యి జోన్లకు పంచితే ఒక్కో దీపపు గుంపు ఎనిమిది వేల పైచిలుకు పిక్సెళ్లకు దిక్కు. 75 అంగుళాల తెర మీద ఒక్కో జోన్ సుమారు నాలుగు సెంటీమీటర్ల చదరం. సబ్‌టైటిల్ అక్షరం ఎత్తు కూడా ఇంచుమించు అంతే. అంటే ఆ అక్షరం వెలగాలంటే దాని వెనక నాలుగు సెంటీమీటర్ల మేర దీపం వెలగాలి, చుట్టూ ఉన్న నలుపు కూడా కొంచెం తెల్లబడాలి. దీన్నే బ్లూమింగ్ అంటారు. వెడల్పు సినిమాల్లో, అంటే 2.39:1 నిష్పత్తిలో తీసినవాటిలో, 75 అంగుళాల తెరకి పైనా కిందా 12 సెంటీమీటర్ల చొప్పున నల్ల పట్టీలు వస్తాయి. సబ్‌టైటిల్స్ ఆ కింది పట్టీలో పడ్డాయంటే దాక్కోవడానికి ఇంక చోటు లేదు. మా హాలు టీవీలో రాత్రి లైట్లన్నీ ఆర్పితే మాటల చుట్టూ పాలిపోయిన మేఘం ఒకటి వచ్చి పోతూ ఉంటుంది. ఒక్క దీపం వేసుకుంటే ఆ మేఘం కనపడదు. అమ్మకి ఎప్పుడూ కనపడలేదు, నాకు కనపడకుండా పోదు. ఒకసారి చూడటం అలవాటైతే కన్ను దాన్నే వెతుకుతుంది.

జోన్లు ఎన్ని ఉన్నాయన్న దానికన్నా వాటిని నడిపే ప్రోగ్రామ్ ఎలాంటిదన్నది ముఖ్యం. బ్లూమింగ్ దాచాలని మరీ గట్టిగా తగ్గించే టీవీలున్నాయి. వాటిలో నలుపు బాగుంటుంది గానీ నక్షత్రాలు మాయమవుతాయి, తెల్ల అక్షరాలు నీరసంగా బూడిదబారుతాయి. కొన్ని టీవీలు దీనికి ఎదురు, అక్షరాన్ని ధగధగలాడించి మేఘాన్ని వదిలేస్తాయి. ఇంకొన్నిటిలో దీపం బొమ్మ కన్నా ఒక్క క్షణం వెనకబడుతుంది, మాట వచ్చాక వెలుగు వస్తుంది, మాట పోయాక వెలుగు పోతుంది. ఇది నాకు బ్లూమింగ్ కన్నా చికాకు. ఏ కంపెనీ కాగితంలోనూ ఈ సంగతి ఉండదు. పెన్ డ్రైవ్‌లో మీ సొంత క్లిప్ పట్టుకెళ్లి, చీకటి సీను మీద సబ్‌టైటిల్స్ వేయించి, దగ్గరికెళ్లి చూడటం ఒక్కటే దారి.

ఈ బాధ తగ్గించే చిన్న ఉపాయం ఒకటుంది. చాలా యాప్‌లలో, ప్లేయర్లలో సబ్‌టైటిల్ రంగు మార్చుకోవచ్చు. తెలుపు తీసేసి లేత బూడిద పెట్టండి. వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ సినిమాల్లో తెల్ల అక్షరాలు సీను కన్నా ప్రకాశంగా ఉండి కళ్లలో గుచ్చుకోవడమూ తగ్గుతుంది, మినీ ఎల్ఈడీలో మేఘమూ పలచబడుతుంది.

ఓఎల్ఈడీలో ఈ గొడవే లేదు. వెనక దీపమంటూ ఉండదు, ప్రతి పిక్సెలూ తానే వెలుగుతుంది, తానే ఆరిపోతుంది. కొడాక్‌లో టాంగ్, వాన్ స్లైక్ 1987లో ప్రచురించిన పరిశోధనతో దీని దారి తెరుచుకుంది. 2007లో సోనీ తెచ్చిన మొదటి ఓఎల్ఈడీ టీవీ 11 అంగుళాలు, దాన్ని టీవీ అనడానికే మొహమాటపడాలి. ఎల్‌జీ 55 అంగుళాలది అమ్మింది 2013లో. నా గదిలో లైట్లు ఆర్పి ఈ సెట్ మీద చీకటి సీను పెడితే నల్ల పట్టీలు ఎక్కడ అయిపోయాయో, గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. అక్షరాలు గాల్లో ఉన్నట్టుంటాయి. నా పనికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు.

రెండో పరీక్షలో సీను తిరగబడుతుంది. మంచు కొండలు, తెల్లటి ఆకాశం, ఐస్ హాకీ లాంటివి పెట్టి చూడండి. ఓఎల్ఈడీ చిన్న మెరుపుని వెయ్యి నిట్ల పైన చూపించగలదు, కొత్తవాటిలో ఇంకా చాలా ఎక్కువ. తెరంతా తెల్లబడితే మాత్రం అన్ని పిక్సెళ్లూ ఒకేసారి కరెంటు లాగుతాయి, వేడెక్కుతాయి. అప్పుడు టీవీయే వెలుగు తగ్గించేసుకుంటుంది. తెరంతా తెలుపు అయినప్పుడు చాలా సెట్లు కొన్ని వందల నిట్ల దగ్గర ఆగిపోతాయి. చీకటి గుహలోంచి మంచులోకి నడిచే సీనులో కళ్లు చెదరాల్సిన చోట కొంచెం మబ్బు పట్టినట్టు ఉంటుంది. మంచి మినీ ఎల్ఈడీ ఇదే సీనులో దానికి రెండు మూడు రెట్లు నిలబడుతుంది. మా హాలుకి పడమటి కిటికీ ఉంది, మధ్యాహ్నం రెండు దాటాక తెరకి ఎదురుగా ఎండ వస్తుంది. ఓఎల్ఈడీని అక్కడ పెట్టి చూశాను, చీకటి సీన్లలో మా సోఫా, మా మొహాలే కనిపించాయి. మినీ ఎల్ఈడీ ఆ ఎండతో పోట్లాడి గెలుస్తుంది.

ఓఎల్ఈడీలోనూ రెండు తెగలున్నాయి. ఒకదాంట్లో పిక్సెళ్లన్నీ తెల్లగా వెలుగుతాయి, ముందు రంగు ఫిల్టర్లుంటాయి, ప్రకాశం కోసం ఫిల్టర్ లేని తెల్ల ఉప పిక్సెల్ ఒకటి అదనంగా ఉంటుంది. బాగా ప్రకాశమైన రంగుల్లో ఆ తెలుపు కలిసి రంగు కాస్త పలచబడుతుంది. రెండోది క్యూడీ ఓఎల్ఈడీ, 2022లో వచ్చింది. పిక్సెళ్లు నీలంగా వెలుగుతాయి, క్వాంటమ్ డాట్లు దాన్ని ఎరుపు, ఆకుపచ్చలుగా మారుస్తాయి. ప్రకాశమైన ఎరుపు చూడాలంటే దీంట్లోనే చూడాలి. కానీ గది వెలుతురు తెర మీద మెరవకుండా తగ్గించే పోలరైజర్ పొర దీనికి ముందు లేదు, గదిలో వెలుతురుంటే నలుపు వంకాయ రంగు కలిసిన బూడిదలా కనిపిస్తుంది. చీకటి గదికి క్యూడీ, దీపాలున్న గదికి మొదటి రకం అన్నది నా లెక్క. ఒక్క జాగ్రత్త. ఒకే మోడల్ పేరు కింద ఒక సైజులో ఒక రకం, ఇంకో సైజులో ఇంకో రకం ప్యానెల్ పెట్టే అలవాటు కంపెనీలకుంది. సమీక్షలో 65 అంగుళాలది చదివి 83 అంగుళాలది కొంటే, చదివినదీ ఇంటికి వచ్చినదీ ఒకటి కాకపోవచ్చు.

ఇక బర్న్-ఇన్. అందరూ మొదట అడిగేది ఇదే, నేనూ దీన్ని తేలిగ్గా తీసుకోను. ఓఎల్ఈడీలో వెలిగేది సేంద్రియ పదార్థం, వెలిగినకొద్దీ అరుగుతుంది. తెరంతా సమానంగా అరిగితే మనకు తెలియదు. న్యూస్ చానెల్ లోగో ఒకే మూల ఏళ్ల తరబడి వెలిగితే ఆ మూల ఎక్కువ అరిగి, చానెల్ మార్చినా నీడ మిగులుతుంది. సినిమాలు, సిరీస్‌లు, రకరకాల ఆటలు కలిపి చూసే ఇంట్లో ఇది నిద్ర చెడగొట్టుకునేంత విషయం కాదు. మా అమ్మ సంగతి వేరు. పొద్దున లేచిన దగ్గర్నుంచి న్యూస్ చానెలే, అదీ ఒక్కటే చానెల్. మూల లోగో, కింద ఎర్ర పట్టీ, దాని కింద ఇంకో పట్టీ. ఆ హాల్లోకి ఓఎల్ఈడీ తేవడం అనవసరమైన సాహసం. నా గదిలోనూ సబ్‌టైటిల్స్ సరిచూసేటప్పుడు టైమ్‌కోడ్ అంకెలు ఒకేచోట గంటల తరబడి ఉంటాయి. అందుకని పని లాప్‌టాప్‌లో చేసుకుని, చివరి చూపు మాత్రమే టీవీ మీద చూస్తాను.

ఓఎల్ఈడీ కొన్నవాళ్లు చాలామంది చేసే పని ఒకటుంది. రాత్రి పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపేస్తారు. ఈ టీవీలు కొన్ని గంటలు వాడాక, రిమోట్‌తో ఆపినప్పుడు, స్టాండ్‌బైలో ఉండి పిక్సెళ్ల అరుగుదలని కొలిచి సర్దుకుంటాయి. ప్లగ్ దగ్గర కరెంటు తీసేస్తే ఆ పని జరగదు. రిమోట్‌తో ఆపి వదిలేయండి. ఇంకా, వారంటీ కాగితంలో బర్న్-ఇన్ గురించి ఏం రాశారో డబ్బు కట్టకముందే చదవండి. కంపెనీకో మాట ఉంటుంది.

ప్లాస్మా టీవీల రోజుల నుంచి ఉన్నవాళ్లకి ఇదంతా పాత కథే. ఆ నలుపు, ఆ కదలిక, ఆ బర్న్-ఇన్ భయం, అన్నీ అప్పుడూ ఉన్నాయి. పానసోనిక్ 2013లో ప్లాస్మా తయారీ ఆపేసినప్పుడు నిజంగా బాధపడ్డవాళ్లు నాకు తెలుసు, అందులో ఒకాయన ఇప్పటికీ ఆ సెట్ మార్చలేదు. వేసవిలో దాని వేడికి ముందు కూర్చోవడం కష్టమని ఆయనే ఒప్పుకుంటాడు.

పక్క నుంచి చూడటం గురించి జనం తక్కువ ఆలోచిస్తారు. వీఏ ప్యానెల్ నలుపు ఎదురుగా కూర్చుంటేనే బాగుంటుంది, పక్కకి జరిగితే రంగులు వెలిసిపోతాయి. ఖరీదైనవాటిలో పక్క చూపు కోసం ఒక పొర వేస్తారు, కొంత మేలు. ఓఎల్ఈడీకి ఈ బెడద దాదాపు లేదు. ఎల్ ఆకారం సోఫా ఉన్న ఇళ్లలో ఇది ప్రకాశం కన్నా పెద్ద విషయం. మా హాల్లో గోడ వారగా కూర్చునే అమ్మకి మొహాలు కొంచెం పాలిపోయి కనిపిస్తాయట. టీవీ స్టాండుని ఆమె వైపు కాస్త తిప్పాం, అంతకు మించి చేసేదేమీ లేదు.

కదలిక విషయంలో ఓఎల్ఈడీ మీద నాకొక ఫిర్యాదు ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఓఎల్ఈడీ పిక్సెల్ మిల్లీ సెకనులో చిన్న భాగంలో మారిపోతుంది. ఒక ఫ్రేము దాదాపు 42 మిల్లీ సెకన్లు కదలకుండా నిలబడి, తర్వాతది ఠక్కున వస్తుంది. కెమెరా నెమ్మదిగా పక్కకి జరిగే షాట్లలో బొమ్మ కుదుపుగా నడుస్తుంది. ఎల్‌సీడీ నిదానం కాబట్టి ఫ్రేములు కొంచెం అలుక్కుపోయి ఆ కుదుపుని దాచేస్తుంది. దాని చేతకానితనమే ఇక్కడ కలిసొచ్చింది. ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు కల్పించి కదలికని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్‌ని పూర్తిగా ఆపేయమని సినిమా పిచ్చోళ్లందరూ చెబుతారు. నేను ఓఎల్ఈడీలో దాన్ని అన్నిటికన్నా తక్కువ మెట్టు మీద ఉంచుతాను. ఇంకొంచెం పెంచితే సినిమా కాస్తా స్టూడియో సీరియల్‌లా తయారవుతుంది.

గేమ్‌లకు రెండూ పనికొస్తాయి, 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మారడం), వీఆర్ఆర్ (గేమ్ వేగానికి తగ్గట్టు తెర వేగం మారడం) ఉంటే చాలు. మా మేనల్లుడు మాత్రం నా గదిలోకే వస్తాడు. ఎన్ని హెచ్‌డీఎంఐ 2.1 పోర్టులున్నాయో లెక్కపెట్టుకోండి. చాలా టీవీల్లో నాలుగిట్లో రెండే పూర్తి వేగానివి, అందులో ఒకటి సౌండ్‌బార్‌కి పోతుంది. ఇక హెచ్‌డీఆర్‌లో పోటీ పద్ధతులైన డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10+ తగాదా వల్ల టీవీ మార్చుకోవాల్సిన పనిలేదు, శామ్‌సంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదని తెలిస్తే చాలు.

8కె గురించి ఒక్క వాక్యం: నేను చేసే పనిలో ఇంతవరకు 8కె ఫైలు ఒక్కటీ నా దగ్గరికి రాలేదు.

8కె కోసం పెట్టే డబ్బు సైజు మీద పెట్టండి. తెర మన చూపులో 30 డిగ్రీలు ఆక్రమించాలన్నది ఒక పాత కొలత, సినిమా హాలు అనుభూతి కావాలంటే 40 అంటారు. 65 అంగుళాల తెర వెడల్పు 144 సెంటీమీటర్లు. 30 డిగ్రీలకి 2.7 మీటర్ల దూరం, 40కి రెండు మీటర్లు. 75 అంగుళాలకి ఇవే 3.1, 2.3 మీటర్లు. సోఫా నుంచి గోడకి టేపు పెట్టి కొలవండి. నాలుగు మీటర్లు వచ్చిందంటే మీకు కావాల్సింది 98 అంగుళాల దాకా, ఆ పైకీ పోయే ఎల్‌సీడీలు. 4కె ఓఎల్ఈడీలో 83 దాటాక 97 ఒక్కటే, దాని ధర వేరే లోకం.

ఇంకా పెద్దది కావాలంటే ప్రొజెక్టర్. స్నేహితుడింట్లో గోడకి ఆనించి పెట్టే లేజర్ రకం ఉంది, పై నుంచి పడే వెలుతురుని తిప్పికొట్టే ప్రత్యేక తెరతో. రాత్రి 120 అంగుళాల మీద సినిమా చూస్తుంటే నోరు మూతపడదు. కానీ నలుపుని వేయడం ప్రొజెక్టర్‌కి చేతకాదు. ఏమీ వేయనప్పుడు ఆ తెర ఎంత నల్లగా ఉంటుందో అదే దాని నలుపు. పగలు కర్టెన్ తీస్తే ఆ గదిలో సినిమా లేదు.

షాపులో చూసేటప్పుడు ఒక మాట అడగండి: పిక్చర్ మోడ్ మార్చమని. అక్కడ అన్నీ వివిడ్ మోడ్‌లో, నీలం ఎక్కించి, ట్యూబ్‌లైట్ల కింద పెడతారు. ఆ వెలుతురులో ఓఎల్ఈడీ ఎప్పుడూ ఓడిపోయినట్టే కనిపిస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ అని 2019లో ప్రకటించినది చాలా టీవీల్లో ఉంది, లేకపోతే సినిమా మోడ్ పెట్టించండి. మొదట పసుపుగా, డల్‌గా అనిపిస్తుంది. సినిమా తీసినవాళ్లు స్టూడియోలో చూసిన తెలుపు ఇంచుమించు అదే. కంటికి అలవాటు కావడానికి కాస్త టైమివ్వండి.

నా ఓటు ఇది. ఒకే టీవీ, అది హాల్లోనే, పగలూ రాత్రీ ఇంటిల్లిపాదీ చూసేదైతే మినీ ఎల్ఈడీ, వీలైనంత పెద్దది. రాత్రిపూట, లైట్లు ఆర్పుకుని, ఇద్దరో ముగ్గురో సినిమా చూసే గదికైతే ఓఎల్ఈడీ, ఒక సైజు తగ్గినా ఫర్వాలేదు. మధ్యస్తంగా ఉంటుందని జోన్లు లేని క్యూఎల్ఈడీ కొనడం మాత్రం నాకు నచ్చదు. దాంట్లో నలుపూ ఉండదు, వెలుగూ అంతంతమాత్రమే.

ఇంకొన్నాళ్లు ఆగాలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ప్రతి పిక్సెలూ బుల్లి ఎల్ఈడీలతోనే వెలిగే మైక్రో ఎల్ఈడీ కోసమైతే ఆగొద్దు. శామ్‌సంగ్ 146 అంగుళాల ది వాల్ చూపించింది 2018లో, ఇప్పటికీ అది మామూలు ఇళ్ల గుమ్మం తొక్కలేదు. కొత్తగా వస్తున్నది వెనక దీపాలే ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా ఉండే ఆర్‌జీబీ ఎల్ఈడీ. 2025లో హైసెన్స్ 116 అంగుళాలది, శామ్‌సంగ్ 115 అంగుళాలది తెచ్చాయి. రంగులు బాగుంటాయన్న మాట నమ్ముతాను. అయితే అదీ జోన్ల వ్యవహారమే కాబట్టి, ఒక జోన్‌లోని ఎరుపు పక్కనున్న తెలుపులోకి కారకుండా ఎంత ఆపగలిగారన్నది నా సొంత క్లిప్ పెట్టి చూస్తే గానీ మాట్లాడను. హాల్లో టీవీ మాత్రం బాగానే పనిచేస్తోంది, అది పాడయ్యేదాకా మార్చే ఉద్దేశం లేదు.